డాలస్ శివార్లలో ఇల్లు: స్కూల్ రేటింగ్ కంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో అద్దెకుంటున్నారు. బాబు ఇప్పుడు అయిదో తరగతి, పాప వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. మీవారి ఆఫీసు అర్వింగ్‌లోనే, లాస్ కొలినాస్‌లో. ఇద్దరూ హెచ్1బీ వీసా మీద పనిచేస్తున్నారు. ఫ్రిస్కోలో, పదికి 10 రేటింగ్ ఉన్న ఎలిమెంటరీ స్కూల్ జోన్‌లో (అంటే ఆ బడికి కేటాయించిన ఇళ్ళ పరిధిలో) ఏడున్నర లక్షల డాలర్ల పాత ఇల్లు ఒకటి చూశారు. 380 హైవే దాటాక ఒక కొత్త కమ్యూనిటీలో, 8 రేటింగ్ జోన్‌లో, అయిదు లక్షల ఎనభై వేలకు ఇంకొకటి చూశారు. పిల్లల చదువుకి ఏది మంచిదని అడిగారు.

నా పిల్లలిద్దరూ ఈ చుట్టుపక్కల బళ్ళలోనే కిండర్ నుంచి పన్నెండు దాకా చదివారు. వాళ్ళ చదువులయ్యాక కూడా, కొత్తగా వచ్చిన మనవాళ్ళకు తోడుగా ఇళ్ళు చూడ్డానికి, స్కూల్ బోర్డు మీటింగులకు వెళ్తూనే ఉన్నాను. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రెండు ఇళ్ళలో ఏదీ ఈ ఏడాది కొనకండి. బాబు ఏ హైస్కూల్లో చదవాలో ముందు తేల్చుకుని, ఆ జోన్‌లో, మీ ఇద్దరిలో ఒక్కరి జీతంతోనే నెట్టుకురాగలిగే ఇల్లు వెతుక్కోండి. దానికి మీకు ఇంకా టైముంది.

మొదట అడ్రస్ సంగతి. మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దులకీ ఊరి సరిహద్దులకీ సంబంధం లేదు. వాటి పేరే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, మనం ఐఎస్‌డీ అంటుంటాం. వాటి బోర్డు వేరు, పన్ను వేరు, మ్యాపు వేరు. ఫ్రిస్కో ఊరు ఒక్కటే నాలుగు డిస్ట్రిక్టుల్లోకి వస్తుంది: ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్. అదే సమయంలో ఫ్రిస్కో ఐఎస్‌డీ పక్క ఊళ్ళలోకీ పాకింది. 2021లో తెరిచిన ఎమర్సన్ హైస్కూల్ ఫ్రిస్కో ఐఎస్‌డీదే, కానీ అది ఉన్నది మెకిన్నీలో. ప్లేనో ఉత్తర భాగంలో ఇల్లు కొని, పిల్లల్ని ఫ్రిస్కో ఐఎస్‌డీకి పంపేవాళ్ళు బోలెడుమంది. మీరున్న వ్యాలీ రాంచ్‌నే చూడండి. అర్వింగ్ అడ్రస్సే అయినా కొన్ని అపార్ట్‌మెంట్లు కాపెల్ ఐఎస్‌డీ, కొన్ని క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ. అటు దక్షిణానికి వెళ్తే అర్వింగ్ ఐఎస్‌డీ.

అందుకని ఇల్లు అమ్మే వెబ్‌సైట్‌లో ఫలానా స్కూల్ అని కనిపించినంత మాత్రాన నమ్మకండి. రెండు చోట్ల సరిచూసుకోండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో స్కూల్ లొకేటర్ ఉంటుంది, అందులో డోర్ నంబరుతో సహా పూర్తి అడ్రస్ కొట్టండి. తర్వాత పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టే ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో, అంటే కాలిన్ కౌంటీదో డెంటన్ కౌంటీదో, అదే ఇంటి పేజీ తెరవండి. ఆ ఇంటి మీద ఎవరెవరు పన్ను వేస్తున్నారో వరసగా ఉంటుంది: సిటీ, కౌంటీ, కాలేజీ, స్కూల్ డిస్ట్రిక్ట్. అక్కడ ఏ ఐఎస్‌డీ పేరుంటే మీ పిల్లలది ఆ డిస్ట్రిక్టే. అందులో ఏ బడి అన్నది లొకేటర్ చెప్తుంది. ఆ వరసలో వాటర్ డిస్ట్రిక్ట్ పేరు కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించండి, దాని గురించి కింద చెప్తాను. ఏజెంటుని మాత్రం "ఇక్కడ స్కూల్ మంచిదేనా" అని అడిగి లాభం లేదు. ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష కూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టానికి భయపడి చాలామంది జవాబు దాటేస్తారు, మీరే చూసుకోండంటారు. అది వాళ్ళ తప్పు కాదు.

ఇక రేటింగ్. మీరు చూసిన 10, 8 అంకెలు బళ్ళకి రేటింగ్ ఇచ్చే గ్రేట్ స్కూల్స్ అనే వెబ్‌సైట్ వాళ్ళవి, ఇళ్ళు అమ్మే జిల్లో లాంటి సైట్లు వాటినే చూపిస్తాయి. ఎలిమెంటరీకి అందులో ప్రధానంగా ఉండేది పరీక్ష మార్కులు. ఆ మార్కులు టీచరు ఎంత బాగా చెప్పారన్నదాని కంటే, తల్లిదండ్రుల చదువూ సంపాదనా ఎంత అన్నదాన్నే ఎక్కువగా చూపిస్తాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్నచోట ఇంకొకటి కూడా కలుస్తుంది. బడి అయ్యాక కుమాన్ ట్యూషన్, శని ఆదివారాల్లో మ్యాథ్ క్లాసులు, సమ్మర్లో మళ్ళీ కోచింగ్. ఆ మార్కులన్నీ బడి ఖాతాలో పడతాయి. అలాంటి బడికి 10 రావడంలో ఆశ్చర్యం లేదు. 8 వచ్చిన బడిలో పాఠాలు అంతకంటే బాగుండవచ్చు కూడా.

నేనైతే టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ప్రతి బడికీ ఇచ్చే రిపోర్ట్ తెరుస్తాను. ఏ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడ్ వెనక మూడు భాగాలుంటాయి. అందులో స్కూల్ ప్రోగ్రెస్ అనేది చూడండి, పిల్లలు పోయినేటి కంటే ఈ ఏడు ఎంత ఎదిగారో అది చెప్తుంది. దాంతోపాటు టీఏపీఆర్ అనే పెద్ద నివేదిక ఉంటుంది. చూడ్డానికి బ్యాలెన్స్ షీటులా విసుగ్గా ఉంటుంది కానీ, బంగారమంతా అందులోనే ఉంది. ఆ బడిలో కొత్తగా చేరిన టీచర్లు ఎంతమంది, పదేళ్ళు పైబడిన అనుభవం ఉన్నవాళ్ళు ఎంతమంది, డిస్ట్రిక్ట్‌లో ఏటా ఎంతమంది మానేస్తున్నారు, ఏడాది మధ్యలో వచ్చిపోయే పిల్లలు ఎంత శాతం, అన్నీ దొరుకుతాయి. అయిదారేళ్ళ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, అనుభవమున్న టీచర్లు తగ్గిపోతున్న బడి ఏదో ఇట్టే తెలిసిపోతుంది. పాపలాంటి చిన్నపిల్లలకు టీచరే బడి. కిండర్ నుంచి నాలుగో తరగతి దాకా క్లాసుకి 22 మంది మించకూడదని రాష్ట్ర చట్టం ఉంది. కానీ డిస్ట్రిక్టులు మినహాయింపు అడగవచ్చు. మీరు చూసే డిస్ట్రిక్ట్ ఆ మినహాయింపు తీసుకుంటోందా అని తప్పకుండా అడగండి.

ఇప్పుడు అసలు విషయం. ఎలిమెంటరీ జోన్ మీద లక్షా డెబ్భై వేల డాలర్లు అదనంగా పెట్టడం ఎందుకు వద్దంటున్నానంటే, ఆ జోన్ అలాగే ఉంటుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. పెరిగే చోట గీతలు మారతాయి, పాతబడ్డ చోట బళ్ళు మూతపడతాయి. ఫ్రిస్కో జనాభా 2000లో 33,714 ఉంటే 2020కి 2,00,509 అయింది. అలా పెరుగుతున్నంత కాలం కొత్త బడి తెరిచినప్పుడల్లా చుట్టుపక్కల జోన్లన్నీ కదిలాయి. ఇప్పుడా పెరుగుదల 380 దాటి ప్రాస్పర్, సెలైనా వైపు వెళ్ళింది. ప్రాస్పర్ ఐఎస్‌డీలో 2020లో రాక్ హిల్, 2023లో వాల్‌నట్ గ్రోవ్ హైస్కూళ్ళు తెరిచారు, ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది. మీరు చూసిన కొత్త కమ్యూనిటీ వాళ్ళిచ్చిన బ్రోచర్‌లో స్కూళ్ళ పేర్ల కింద సన్నటి అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. బడి కేటాయింపు మారవచ్చని, దానికి బిల్డర్ బాధ్యత లేదని రాసి ఉంటుంది.

పాత ఊళ్ళలో సమస్య వేరు. ఇళ్ళ ధరలు పెరిగేసరికి చిన్నపిల్లలున్న జంటలు కొనలేకపోతున్నారు. పిల్లలు పెద్దై వెళ్ళిపోయినవాళ్ళు తక్కువ వడ్డీ లోన్ వదులుకోలేక ఇల్లు అమ్మడం లేదు. దాంతో ఎలిమెంటరీలు ఖాళీ అవుతున్నాయి. కాపెల్ ఐఎస్‌డీ 2023 డిసెంబరులో పింకర్టన్ ఎలిమెంటరీ మూసెయ్యాలని నిర్ణయించింది. 2024 జూన్‌లో ప్లేనో ఐఎస్‌డీ రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్ళు మూసేయడానికి ఓటేసింది. అదే ఏడాది డిసెంబరులో లూయిస్‌విల్ ఐఎస్‌డీ అయిదు ఎలిమెంటరీలకు అదే తీర్పు చెప్పింది. ఇవేవీ పేరులేని డిస్ట్రిక్టులు కావు, మనవాళ్ళు ఏరి కోరి వెళ్ళేవే. ఫ్రిస్కో ఐఎస్‌డీలో కూడా ఇప్పుడు పిల్లల సంఖ్య తగ్గుముఖం పట్టింది. రాష్ట్రం నుంచి వచ్చే డబ్బు బడికొచ్చే పిల్లల హాజరు మీద లెక్కకడతారు కాబట్టి, పిల్లలు తగ్గితే డబ్బూ తగ్గుతుంది.

అందుకే ఎలిమెంటరీ కంటే హైస్కూల్ చూడమంటాను. హైస్కూల్ మూతపడటం అరుదు. కొత్తది తెరిచినా, పై తరగతుల్లో ఉన్నవాళ్ళని చాలాసార్లు పాత బడిలోనే ఉండనిస్తారు. పైగా పిల్లల కాలేజీ దారి నిర్ణయమయ్యేది అక్కడే. దీంట్లో టెక్సస్‌కి ప్రత్యేకమైన ఒక లెక్క ఉంది. ఇండియాలో ఉన్నప్పుడు గానీ, న్యూజెర్సీ నుంచో కాలిఫోర్నియా నుంచో ఇక్కడికి మారేటప్పుడు గానీ, మనకి ఇది తట్టదు.

1997లో చేసిన చట్టం ప్రకారం, హైస్కూల్లో మొదటి పది శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్ వస్తుంది. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి) మాత్రం ఆ హద్దు ఇంకా తక్కువ. చాన్నాళ్ళు ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ళ నుంచి అయిదు శాతం చేశారు. ఈ శాతం లెక్కపెట్టేది ఆ ఒక్క బడిలోని పిల్లల మధ్యే. పన్నెండో తరగతిలో 500 మంది ఉంటే అయిదు శాతమంటే 25 మంది. ఇప్పుడు మీరు కోరుకుంటున్న బడిని ఊహించుకోండి. ఆ 500లో రెండు మూడు వందలమంది మీ బాబులాంటివాళ్ళే. అందరూ ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా వన్ పూర్తిచేసినవాళ్ళు, అందరూ తొమ్మిది నుంచే ఏపీ కోర్సులు, అంటే కాలేజీ స్థాయి పాఠాలు, తీసుకునేవాళ్ళు. అలాంటి చోట ఒక్క సెమిస్టర్‌లో ఒక్క బి వస్తే ర్యాంకు ఎక్కడికో జారిపోతుంది. అదే పిల్లాడు, అదే మార్కులతో, పక్క డిస్ట్రిక్ట్‌లోని మామూలు హైస్కూల్లో హాయిగా మొదటి అయిదు శాతంలో ఉంటాడు. నేరుగా సీటొచ్చినా కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్ వస్తుందని కాదు, దానికి వడపోత వేరే ఉంటుంది. అయినా తలుపు తెరుచుకుని ఉండటానికీ, తట్టుకుంటూ నిలబడటానికీ తేడా ఉంది కదా.

ర్యాంకు కోసం మామూలు బడికి పంపమని నేను చెప్పడం లేదు. గట్టి బడిలో చదివిన పిల్లలు కాలేజీలో మొదటి ఏడాది తడబడకుండా నడుస్తారు, ఆ లాభం నిజమైనది. ఫ్రిస్కోలో వృత్తి కోర్సులు నేర్పే సీటీఈ సెంటర్‌కి వెళ్ళి ఇంజనీరింగో, వైద్యానికి సంబంధించిన కోర్సులో చేయొచ్చు. ప్లేనో ఈస్ట్ హైస్కూల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) ఉంది. నేను చెప్పేదల్లా, మీ బాబు స్వభావం చూసి ఎంచుకోండి. కొందరు పిల్లలు పోటీలో పడితే వెలుగుతారు. కొందరు అదే పోటీలో తొమ్మిదో తరగతికల్లా "నాకేం రాదు" అనే నమ్మకానికి వచ్చేస్తారు. రాత్రి పన్నెండున్నరకి ఇంకా లైటు వెలుగుతూ, రేపటి క్విజ్‌లో 92 వస్తే చాలదని టెన్షన్ పడే పదిహేనేళ్ళ పిల్లల్ని నేను చాలా ఇళ్ళలో చూశాను. వాళ్ళ తల్లిదండ్రులు ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఏ రేటింగూ ఈ సంగతి మీకు చెప్పదు, బాబుని ఎరిగిన మీరే చెప్పగలరు.

హైస్కూల్ పరిమాణం కూడా ఆలోచించండి. ఫ్రిస్కో ఐఎస్‌డీ కావాలనే చిన్న హైస్కూళ్ళు కట్టింది, పన్నెండు ఉన్నాయి, ఒక్కోటీ రెండువేల పైచిలుకు పిల్లలకు సరిపోయేలా. ఆలెన్‌లో ఊరంతటికీ ఒకటే మహా పెద్ద హైస్కూల్. కాపెల్‌లో కూడా ఒకటే పెద్దది, తొమ్మిదో తరగతికి విడిగా క్యాంపస్ ఉంది. ప్లేనోలో పదకొండు, పన్నెండు తరగతులకు సీనియర్ హై అని వేరే బడికి మారతారు. పెద్ద బడిలో కోర్సులు ఎక్కువ, బ్యాండ్ పెద్దది, కానీ టెన్నిస్ టీమ్‌లో చోటు దొరకడం కష్టం. చిన్న బడిలో మీవాడు ఏదో ఒక టీమ్‌లో ఉండగలడు. బాబుకి బ్యాడ్మింటన్ పిచ్చి అన్నారు కాబట్టి ఈ ఆటల సంగతి చెప్తున్నాను.

డబ్బు సంగతికొద్దాం. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడతాం, దాన్ని ఇంటి పన్ను రూపంలో కడతాం. ఆ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. మీ రెండో ఇల్లు ధర తక్కువే కానీ, 380 దాటాక చాలా కొత్త కమ్యూనిటీల్లో మడ్ (పైన చెప్పిన వాటర్ డిస్ట్రిక్ట్) పన్ను గానీ పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) చార్జీ గానీ ఉంటుంది. రోడ్లు, నీళ్ళు, డ్రైనేజీ కోసం చేసిన అప్పుని ఇళ్ళ యజమానులు ఏళ్ళ తరబడి తీరుస్తారన్నమాట. ఉదాహరణకి మొత్తం రేటు 1.8 శాతం ఉన్న చోట ఏడున్నర లక్షల ఇంటికి, మినహాయింపులు తీయకముందు, ఏడాదికి 13,500 డాలర్లు. 2.6 శాతం ఉన్న చోట అయిదు లక్షల ఎనభై వేల ఇంటికి 15,080. చవకింటికే పన్ను ఎక్కువ. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందే మడ్, పిడ్ నోటీసులు చేతికివ్వాలని చట్టం ఉంది, అడిగి తీసుకుని చదవండి.

కొత్త ఇంటికి ఇంకో చిక్కుంది. పన్ను లెక్కకట్టేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. ఆ రోజుకి ఇంకా పునాది మాత్రమే ఉంటే, ఆ ఏడాది పన్ను దాదాపుగా స్థలం మీదే పడుతుంది. బ్యాంకు ఆ చిన్న పన్నుని బట్టి నెలవారీ కిస్తీ వేస్తే, మరుసటి ఏడు పూర్తి ఇంటి మీద పన్ను వచ్చేసరికి ఎస్క్రో షార్టేజ్, అంటే పన్ను కోసం బ్యాంకు దగ్గర జమయిన డబ్బు చాలలేదని, ఉత్తరం వస్తుంది. కిస్తీ ఒక్కసారిగా నెలకి అయిదారు వందల డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెరుగుతుంది. పూర్తి పన్ను లెక్కేసుకునే మీ బడ్జెట్ చూసుకోండి. ఇంట్లో దిగాక, సొంతదారే కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకి అప్లై చేయడం మర్చిపోకండి. అది ఉంటే పన్ను కోసం చూసే విలువ ఏడాదికి పది శాతం మించి పెరగదు.

మీరిద్దరూ హెచ్1బీ కాబట్టి ఇది దాచకుండా చెప్పాలి. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గడువు మహా అయితే 60 రోజులు. ఆ రెండు నెలల్లో ఉద్యోగం వెతుక్కుంటూ, అమ్ముడుపోని ఇంటి మీద కిస్తీ కడుతూ ఉండే పరిస్థితి ఏ 10 రేటింగ్ బడి కోసమూ కొనితెచ్చుకోకూడదు. ఒకరి జీతంతో నడిచే ఇల్లు అన్నది అందుకే. అద్దెకున్నా పిల్లలకు అదే బడి, అదే టీచరు. లీజు, కరెంటు బిల్లు చూపిస్తే చేర్చుకుంటారు. తెలిసినవాళ్ళ అడ్రస్ పెట్టి చేర్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. తప్పుడు వివరాలివ్వడం ఇక్కడ నేరం, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మచ్చ అసలు వద్దు.

రోజువారీ ప్రయాణం కూడా చదువులో భాగమే. ఫ్రిస్కో నుంచి లాస్ కొలినాస్‌కి పొద్దున టోల్ రోడ్డు మీద కూడా బాగా టైము పడుతుంది, 380 దాటితే చెప్పనక్కర్లేదు. సాయంత్రం మీవారు ఏడున్నరకి ఇల్లు చేరితే, బాబుతో కూర్చుని లెక్కలు చూసేదెవరు? బస్సు విషయం కనుక్కోండి. సాధారణంగా బడికి రెండు మైళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకే బస్సు వేస్తారు. మైలున్నర దూరంలో ఇల్లంటే రోజూ రెండుపూటలా కార్ లైన్‌లో మీరే ఉండాలి. ఆ ఇంటి నుంచి ఒక మంగళవారం పొద్దున ఏడూ పదికి బయల్దేరి, బడి ముందు నుంచి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆఫీసు దాకా ఒకసారి డ్రైవ్ చేయండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూపించే ఓపెన్ హౌస్‌కి వెళ్ళినప్పుడు అన్ని ఊళ్ళూ దగ్గరగానే ఉంటాయి.

మీ విషయానికి వస్తే నేను చేసే పని ఇది. ప్రస్తుత అపార్ట్‌మెంట్ కాపెల్ ఐఎస్‌డీలో ఉంటే, బాబుని అక్కడే మిడిల్ స్కూల్లో, పాపని అక్కడే కిండర్‌లో చేర్చి లీజు పొడిగించుకుంటాను. క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌లో ఉంటే ముందు మిడిల్ స్కూల్ చూసొచ్చి, నచ్చకపోతే అదే చుట్టుపక్కల కాపెల్ వైపు అద్దెకు మారతాను. పాపకి సెప్టెంబర్ 1కి అయిదేళ్ళు నిండుతాయో లేదో సరిచూసుకోండి, నిండకపోతే కిండర్ ఇంకో ఏడాది ఆగాల్సిందే. బాబుకి ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ వచ్చేలా చూడండి. రాష్ట్రం పెట్టే అయిదో తరగతి స్టార్ లెక్కల పరీక్షలో మొదటి 40 శాతంలో ఉన్న పిల్లల్ని అందులో వాళ్ళంతట వాళ్ళే చేర్చాలని 2023లో చట్టం చేశారు. చేర్చకపోతే కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టండి. డిస్ట్రిక్ట్ మారినా ఆ ట్రాక్ చాలావరకు వెంట వస్తుంది. ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ అయితే హైస్కూల్ క్రెడిట్‌గా లెక్కకొస్తుంది.

ఇల్లు కొనడానికి అసలు గడువు బాబు ఎనిమిదో తరగతి మొదటి సగం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తొమ్మిదో తరగతి కోర్సులు ఎంచుకోమంటారు, అప్పటికి ఏ హైస్కూలో తెలిసి ఉండాలి. తొమ్మిది మొదలయ్యాక డిస్ట్రిక్ట్ మారితే జీపీఏ లెక్క కూడా మారుతుంది. ఒకచోట ఏపీకి 6.0 స్కేల్, ఇంకోచోట 5.0. పాత గ్రేడ్లను కొత్త బడి ఎలా మార్చి వేసుకుంటుందన్నది వాళ్ళ నిబంధనల్ని బట్టి ఉంటుంది, ర్యాంకులో నష్టపోయే అవకాశం ఉంది.

ఈలోగా మీకు నచ్చిన మూడు హైస్కూళ్ళ పేర్లు, వాటికి పిల్లల్ని పంపే మిడిల్ స్కూళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ డిస్ట్రిక్టుల బోర్డు మీటింగుల వీడియోలు వెబ్‌సైట్లలోనే ఉంటాయి. అజెండాలో రీజోనింగ్ (జోన్ల మార్పు), బడ్జెట్ లోటు, బాండ్ (బళ్ళ నిర్మాణానికి తీసుకునే అప్పు) అన్న మాటలున్నవి చాలు, మిగతావి వదిలేయండి. వసంతకాలంలో ఆ బళ్ళలో జరిగే ఓపెన్ హౌస్‌కి బాబుని కూడా తీసుకెళ్ళండి. అక్కడి పిల్లలతో వాణ్ణే మాట్లాడనివ్వండి. మీ అపార్ట్‌మెంట్ ఏ ఐఎస్‌డీలో ఉందో చూసి చెప్తే, మిడిల్ స్కూల్లో ఏమేం అడగాలో రాసి పంపుతాను.